నీళ్ళు నిలవని బండి

"మీరు కిందికి దిగుతారా, నన్నే పైకి రమ్మంటారా?"

ఇంటి కప్పు మీద పలకలు బిగిస్తున్న రోరీ చేతిలో సుత్తి ఆగిపోయింది. తొంగి చూశాడు. కింద ఇష్బెల్ నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. శనివారంనాడు నవ్వుతూ బండి తాళాలు అందుకున్న పిల్ల సోమవారానికల్లా ఇలా తయారైందేమిటా అనుకుంటూ నిచ్చెన దిగాడు.

"నమస్తే అండీ. బండి బాగా నడుస్తోందా?"

"నడవడానికేం, గుర్రంలా నడుస్తోంది. సాయంత్రం ట్యాంకు నిండా నీళ్ళు పడితే పొద్దున్నకల్లా అవన్నీ మా వాకిట్లో ఉంటున్నాయి. రెండు రోజులుగా ఇదే వరస. కారే బండిని అంటగట్టేశారు కదండీ."

"కారే బండా? మా బాబాయి పదిహేనేళ్ళు తిప్పాడు. ఒక్క చుక్క కారి ఎరగదు."

"అయితే దాని పుస్తకాలు ఇవ్వండి. చదువుకుని నేనే చూసుకుంటాను."

రోరీ మెడ రుద్దుకున్నాడు. "పుస్తకాలు... ఉండేవి. బాబాయి పోయాక మా పిన్ని అవన్నీ పాత కాగితాలనుకుని చలికాలమంతా పొయ్యి రాజెయ్యడానికి వాడేసింది."

ఇష్బెల్ తల పట్టుకుంది. ఇరవై రెండేళ్ళ పాత మోటార్‌హోమ్, చక్రాల మీది ఇల్లు. అందులో పొయ్యి ఉంది, ఫ్రిజ్ ఉంది, బాయిలర్ ఉంది, గోడ నిండా స్విచ్చులున్నాయి. ఏది దేనికో చెప్పే ఒక్క కాగితం ముక్క లేదు.

ఆ పిల్ల అంత ఇదవడానికి కారణం ఉంది. ఇష్బెల్ వాళ్ళ అమ్మమ్మ పెగీకి ఎనభై రెండేళ్ళు. ఆవిడ అక్క ఎఫీ యూయిస్ట్ దీవిలో ఉంటుంది. వచ్చే శనివారానికి ఎఫీకి తొంభై నిండుతాయి. మోకాళ్ళు పట్టేయడంతో పెగీ దీవికి వెళ్ళి ఆరేళ్ళయింది. అడుగు దూరంలో మరుగుదొడ్డి, పడుకోడానికి మంచం లేనిదే ఆవిడ ప్రయాణం చెయ్యలేదు. ఆ దీవిలో ఎఫీ ఇల్లేమో ఒకటే గది. అందుకే బడిలో టీచరుగా పనిచేసే ఇష్బెల్ ఈస్టర్ సెలవుల్లో వెళ్ళాలని ఈ బండి కొంది. శుక్రవారం మధ్యాహ్నం ఓడలో బండికి చోటు దొరకబుచ్చుకోడానికి మూడు నెలల ముందే చెప్పిపెట్టుకుంది. అది తప్పితే మళ్ళీ జూన్ దాకా చోటు లేదు. తొంభై ఏళ్ళ మనిషి జూన్ దాకా ఉంటుందని ఎవరు రాసివ్వగలరు?

ఇష్బెల్ వాళ్ళమ్మ మాత్రం తేల్చి చెప్పేసింది. "నీళ్ళు నిలవని బండిలో అమ్మని పంపను. గురువారంలోగా బాగుపడకపోతే ఓడ వాళ్ళకి ఫోన్ చేసి రద్దు చెయ్యి."

సాయంత్రం పని నుంచి తిన్నగా వచ్చాడు రోరీ. బండి కింద దూరాడు, పైన ఎక్కాడు, సోఫా ఎత్తాడు. చివరికి బీరువా అడుగున బాయిలర్ పక్కన ఒక నీలం బొత్తం కనిపించింది. అది పైకి లేచి ఉంది. నీళ్ళు పడుతూ దాన్ని కిందికి నొక్కాడు. కారడం ఆగిపోయింది.

"ఇదండీ సంగతి. ఇది పైకి లేస్తే నీళ్ళు బయటికి పోతాయి. మీరెవరో లాగారు."

"నేనెందుకు లాగుతాను? అదక్కడ ఉందని ఇప్పుడేగా తెలిసింది."

"మరి దానంతటదే లేచిందా?"

"మీ బండి కదా, మీకే తెలియాలి."

మంగళవారం పొద్దున్న వాకిలి మళ్ళీ తడిసింది. బొత్తం పైకి లేచి కూర్చుంది. రాత్రి తాళం వేసింది ఇష్బెలే. తాళం చెవి దిండు కింద పెట్టుకుని పడుకుంది.

సాయంత్రం ఆ మాట చెబితే రోరీ అనుమానంగా చూశాడు. "నిద్రలో నడిచే అలవాటు లేదు కదా?"

"ఉంటే మీ ఇంటికొచ్చి మీ కప్పు పలకలు ఊడబెరికేదాన్ని."

అతను నవ్వాడు. నవ్వితే అతని ఎడమ బుగ్గ మీద చిన్న గీత పడుతుంది. దాన్ని చూడకూడదని ఇష్బెల్ గట్టిగా అనుకుని, మరో రెండుసార్లు చూసింది.

ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని స్విచ్చులన్నిటి కిందా టేపు ముక్కలంటించి పేర్లు రాశారు. నొక్కడం, ఎక్కడేం జరిగిందో వెతకడం. "మోటరు" అని రాసింది ఇష్బెల్. "మెట్టు దీపం" అని రాశాడు రోరీ. అయిదో స్విచ్ నొక్కితే ఎక్కడో ఎవరో నిట్టూర్చినట్టు చప్పుడయింది, అంతే.

"దీనికేం రాయమంటారు?" అంది ఇష్బెల్.

"అత్తగారు అని రాయండి. పని లేదు, నిట్టూర్పు ఉంది."

కిటికీ పక్కన కూర్చుని ఇదంతా చూస్తున్న పెగీ పకపకా నవ్వింది. "నాకూ ఒక అత్తగారుండేది నాయనా. అంతకంటే పెద్ద చప్పుడే చేసేది." ఆవిడ చేసిన ఉల్లి సూప్ రెండు గిన్నెలు తాగి గానీ రోరీ కదల్లేదు. వెళ్ళేటప్పుడు మాటల్లో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. పెగీ గమనించింది.

బుధవారం పొద్దున్న మళ్ళీ అదే కథ. రోరీ ఇన్వర్నెస్ పట్నంలో బండి సామాన్ల దుకాణానికి ఫోన్ చేశాడు. కొత్త బొత్తం తెప్పించాలంటే మూడు వారాలన్నారు. మూడు వారాలు. ఓడ ఎల్లుండి.

సాయంత్రం జోరున వాన. ఆ వానలోనే బండి కింద పడుకుని గొట్టాలన్నీ మరోసారి తడిమి చూశాడు. లోపలికొచ్చేసరికి ఊలు స్వెట్టర్ పిండితే అర బకెట్టు నీళ్ళొచ్చాయి. దాన్ని బీరువాలో తగిలించి, ఆరడానికి బండి హీటరు సన్నగా పెట్టాడు. బొత్తం నొక్కి నీళ్ళు పట్టాడు.

"రేపు పొద్దున్న నిలుస్తాయా?" అంది ఇష్బెల్.

"తెలీదు."

"తెలీదంటే ఎలా? అమ్మ రేపు రద్దు చేయించేస్తుంది. అమ్మమ్మ పొద్దున్న పెట్టె సర్దుకుంది, చూశావా? అక్కకిద్దామని కేకు కూడా చేసి డబ్బాలో పెట్టింది."

"నా చేతనైనంతా చేస్తున్నాను కదా."

"నీకు ముందే తెలుసు." ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మూడు రోజుల భయం నోట్లోంచి అలా ఊడిపడింది. "ఇది పాడైందని తెలిసే అమ్మావు. పుస్తకాలు పొయ్యిలో పెట్టారంటే ఎవరు నమ్ముతారు?"

రోరీ ముఖం పాలిపోయింది. పనిముట్ల పెట్టె తీసుకుని, బనీనుతోనే వానలోకి దిగి వెళ్ళిపోయాడు. వెనక్కి పిలవాలని ఇష్బెల్ మెట్టు దాకా వచ్చేసరికి అతను సందు తిరిగేశాడు.

ఆ రాత్రి ఆమెకి కంటి మీద కునుకు లేదు. ఓడ గురించి సగం బాధ. మిగతా సగం దేని గురించో ఒప్పుకోడానికి మనసొప్పలేదు.

గురువారం తెల్లవారింది. గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది. చలికి పళ్ళు టకటకలాడుతుంటే ఇష్బెల్ వాకిట్లోకి వచ్చి బండి కింద చూసింది. పొడిగా ఉంది.

వంగి మళ్ళీ చూసింది. చేత్తో తడిమింది. పొడి నేల. తలుపు తీస్తే వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. రోరీ కోపంలో హీటరు ఆపడం మరిచిపోయాడు. స్వెట్టర్ కరకరలాడుతూ ఆరిపోయింది. దాని కింద నీలం బొత్తం, బుద్ధిమంతుడిలా, కిందికి నొక్కుకునే ఉంది. కుళాయి తిప్పింది. నీళ్ళు ధారగా వచ్చాయి.

రోజూ రాత్రి బండి చల్లబడింది, నీళ్ళు పోయాయి. నిన్న రాత్రి వెచ్చగా ఉంది, నీళ్ళు ఉన్నాయి. ఇంతేనా? మెట్టు మీద కూర్చుని, స్వెట్టర్ ఒళ్ళో పెట్టుకుని, ఇష్బెల్ కాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. తరవాత చెప్పులైనా మార్చుకోకుండా, స్వెట్టర్ చేత్తో పట్టుకునే రోరీ వాళ్ళింటికి పరుగెత్తింది.

తలుపు తీసింది వాళ్ళ పిన్ని మోరాగ్. గంజి గరిటె చేతిలో ఉంది. వెనక వంటింటి బల్ల దగ్గర రోరీ తల వంచుకుని కూర్చున్నాడు.

"బొత్తం లేవలేదు," అంది ఇష్బెల్ రొప్పుతూ. "హీటరు వేసి ఉంది. చలేస్తేనే లేస్తోంది అది."

"ఏది, నీలం బొత్తమా?" అంది మోరాగ్. "లేవకేం చేస్తుంది? అది ఉన్నదే అందుకు. మంచు పడితే నీళ్ళు గడ్డకట్టి బాయిలర్ పగిలిపోతుందని ముందే నీళ్ళన్నీ వదిలేస్తుంది. మీ బాబాయి నాకు వందసార్లు చెప్పాడు."

రోరీ లేచి గుమ్మంలోకి వచ్చాడు. "పిన్నీ, నాకొక్కసారి చెప్పొచ్చుగా."

"నువ్వడిగితేగా. చలి రాత్రి నీళ్ళు పట్టినప్పుడు, హీటరు వేడెక్కేదాకా బొత్తం లేవకుండా ఆయన దానికో బట్టల క్లిప్పు పెట్టేవాడు."

"క్లిప్పా? బండిలో ఏ క్లిప్పూ లేదు."

"ఎందుకుంటుంది? అమ్మే ముందు కడిగినప్పుడు నేనే తీసేశాను. బండి అమ్మాను గానీ నా క్లిప్పులు అమ్మలేదు."

రోరీ, ఇష్బెల్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పుస్తకాలు పొయ్యిలోకి, క్లిప్పు దండెం మీదికి. బాగు చెయ్యడానికి అసలు బండిలో ఏ జబ్బూ లేదు. రోరీ బుగ్గ మీద గీత పడింది. ఇష్బెల్‌కి గుండెల మీద నుంచి బండరాయి దించినట్టయింది.

మోరాగ్ గంజి మాడుతోందని లోపలికి పోయింది. మాడటం లేదు. అది ముగ్గురికీ తెలుసు.

"రాత్రి అన్నది తప్పు," అంది ఇష్బెల్. "నిన్ను అలా అనకుండా ఉండాల్సింది. క్షమించు."

"నాదీ తప్పుంది." రోరీ స్వెట్టర్ అందుకుని దాన్నే చూస్తూ అన్నాడు. "ఇన్వర్నెస్‌లో ఇలాంటి బళ్ళు బాగు చేసే ఆయన ఒకడున్నాడు. సోమవారమే పిలిచుంటే అయిదు నిమిషాల్లో చెప్పేవాడు. పిలవలేదు."

"ఎందుకు?"

"పిలిస్తే మంగళవారం మీ ఇంటికి రావడానికి నాకేం పని ఉంటుంది?" చెవులదాకా ఎర్రబడ్డాడు. "నువ్వంటే ఇష్టం, ఇష్బెల్. తాళాలు ఇచ్చిన రోజునుంచీ. నీ ఓడ ప్రయాణంతో ఆటలాడానని తరవాత తెలిసింది. రాత్రంతా అదే బాధ."

కోపం తెచ్చుకుందామని చూసింది ఇష్బెల్. రాలేదు. "ముందు అమ్మమ్మని ఓడెక్కించనీ," అంది. "జవాబు తరవాత."

ఇష్బెల్ వాళ్ళమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది. బండి సంగతి తెలిసిన మనిషి వెంట ఉండాలి. అలాంటి మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడని పెగీ గుర్తుచేసింది. "పైన డ్రైవర్ నెత్తిమీద మంచం ఖాళీగానే ఉందిగా," అని కూడా అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఊయిగ్ రేవులో ఓడ కడుపులోకి బండి నెమ్మదిగా దిగింది. వెనక తలుపు మూసుకున్న చప్పుడు విని ఇష్బెల్ నాలుగు రోజుల ఊపిరి ఒక్కసారిగా వదిలింది. ఇక ఎవరూ ఆపలేరు. పెగీ దారి పొడుగునా ఓడ కిటికీకి ముక్కు ఆనించి సముద్రాన్ని చూస్తూనే ఉంది. రోరీ జవాబు అడగలేదు. అడగకపోయేసరికి ఇష్బెల్‌కే ఉండబట్టడం లేదు.

ఆ రాత్రి దీవి రేవు దగ్గరే బండిలో పడుకున్నారు. శనివారం పొద్దున్నే ఎఫీ ఇంటి ముందు బండి ఆగింది. పుట్టినరోజుకని చుట్టుపక్కల వాళ్ళంతా అప్పటికే గుమ్మం దగ్గర ఉన్నారు. తొంభై ఏళ్ళ ఎఫీ కర్ర పట్టుకుని ముందుకొచ్చింది. ఇష్బెల్ ఒక చెయ్యీ రోరీ ఒక చెయ్యీ పట్టుకుని పెగీని దించారు.

అక్కాచెల్లెళ్ళు నుదురు నుదురు ఆనించుకుని అలాగే నిలబడ్డారు. "వచ్చావా," అంది ఎఫీ చివరికి. "వచ్చానే," అంది పెగీ. ఇష్బెల్ కళ్ళు తుడుచుకుంటుంటే ఎఫీ ఇటు తిరిగి, కర్రతో రోరీని చూపించింది.

"ఈ అబ్బాయెవరు?"

"మీ మనవరాలినే అడుగు," అంది పెగీ.

"నేను ప్రేమించినవాడు, ఎఫీ అమ్మమ్మా," అంది ఇష్బెల్ మెల్లిగా.

ఎఫీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "గట్టిగా చెప్పవే. నాకు వినపడదు."

గుమ్మం దగ్గర పాతికమంది ఉన్నారు. రోరీ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఇష్బెల్ అతని చెయ్యి పట్టుకుని, ఈసారి ఆ వీధి చివర ఇంటికి కూడా వినపడేలా చెప్పింది.