నాన్న లూజు చేసిన ప్యాంటు

పొద్దున్నే బట్టలు నానబెడుతూ కోడలు భర్త ప్యాంటును తిరగేసింది. నడుము వెనక లోపలివైపు విప్పిన కుట్ల చిల్లులు నాలుగు వరసలు కనిపించాయి. అయిదో వరస దారం ఇంకా కొత్తగా మెరుస్తోంది. గుడ్డ చాలక వేలెడంత పట్టీ కూడా అతికించి ఉంది.

అది పెళ్లినాటి ప్యాంటు. ఎనిమిదేళ్లయినా బస్సు డ్రైవరైన ఆ భర్తగారికి ఇట్టే పట్టేస్తోంది. ఆయన ఎక్కితే బస్సు ఒక పక్కకు ఒరుగుతుందనీ, అవతలి పక్క ఇద్దరు బొద్దు మనుషుల్ని కూర్చోబెట్టాకే కండక్టరు విజిల్ ఊదుతాడనీ డిపోలో చెప్పుకుంటారు. అబద్ధమే కావచ్చు గానీ, చెప్పేవాళ్లు మాత్రం నవ్వరు. డాక్టరు దగ్గరికి పదమని భార్య అన్నప్పుడల్లా ఆయన తను లావెక్కలేదనడానికి ఈ ప్యాంటే సాక్ష్యంగా చూపించేవాడు.

నిన్న డిపో వైద్యపరీక్షల రిపోర్టు వచ్చింది. షుగరు, బీపీ ఎక్కువ. నిద్రలో గంటకు ముప్ఫై సార్లు ఊపిరి ఆగుతోంది. పగటి కునుకులు అందుకేనట. వైద్యం మొదలుపెట్టి, డాక్టరు సరేననేదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నారు.

ముందుగదిలో మామగారు కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. కోడలు ప్యాంటు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మామయ్యా, ఇది మీ చేతి కుట్టేనా?"

ఆయన శుభ్రంగా ఉన్న కళ్లజోడునే మళ్లీ తుడుచుకున్నాడు. తర్వాత దాచలేదు. చిన్నప్పుడు బడిలో కొడుకుని బస్తా అని ఏడిపించేవారట. వాడు అద్దం ముందు పొట్ట బిగపట్టి నిలబడటం చూడలేక, నిద్ర లేచేలోపు బట్టలన్నీ అరంగుళం లూజు చేసి పెట్టేవాడట. ఆ అలవాటు పోలేదు.

"మీరు ప్రేమతోనే చేశారు. కానీ ఊపిరి ఆగినప్పుడల్లా భుజం తట్టి లేపేది నేను మామయ్యా. ఆయన వెనక సీట్లలో యాభైమంది కూర్చుంటారు."

గుమ్మంలోంచి కొడుకు గొంతు వినబడింది.

"నాకు మొదటినుంచీ తెలుసు నాన్నా. కొత్త దారం నడుముకు గుచ్చుకునేది. నేను కనిపెట్టానంటే నువ్వు బాధపడతావని ఊరుకున్నా."

ఒకరి మనసు నొచ్చుకోకూడదని ఇంకొకరు పాతికేళ్లు నాటకమాడారు. మధ్యలో చూసి మోసపోయింది కోడలొక్కతే. ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

కొడుకు వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. తిండి ఒక్కటే కాదని డాక్టరు చెప్పాడట. రాత్రి డ్యూటీలు, చాలని నిద్ర, రోజంతా సీటు, వంశంలోంచి వచ్చిన ఒళ్లు, అన్నీ కలిశాయట. నిద్రలో ఊపిరికి మిషను, షుగరుకు మాత్రలు, తిండిలో మార్పు, రోజూ నడక. బరువులో పదో వంతు తగ్గినా ఎంతో మేలట.

"నడుము కొలత నెలనెలా రాసి తెమ్మన్నారు. నువ్వే తియ్యి నాన్నా."

తండ్రి మెడలోని టేపు తీశాడు. కొడుకు పొట్ట బిగపట్టలేదు.

"నలభై ఎనిమిది అంగుళాలు," అన్నాడు తండ్రి. ఆ అంకె ఆ ఇంట్లో పైకి పలకడం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు. కోడలు రాసుకుంది.

"ఇక నాన్నది," అన్నాడు కొడుకు, టేపు అందుకుని. వంశంలోంచి వచ్చిందంటే ఎక్కణ్ణుంచో తెలియాలిగా.

ముసలాయన లేచి నిలబడి ఛాతీ విరిచాడు.

"ఊపిరి వదులు నాన్నా."

"వదిలే ఉన్నానురా."

"మామయ్యా," అంది కోడలు.

ఆయన వదిలాడు. టేపు నాలుగంగుళాలు జరిగింది. పెన్ను పట్టుకున్న కోడలు ఇక ఆగలేకపోయింది. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు తగ్గాక, మామగారు చెప్పులు వెతుక్కుంటూ, ఎంత దూరం నడవాలో అడిగాడు.