అంచు లోపలికి

మొదటిరోజే అమల నా బేరం చెడగొట్టింది.

ఎల్బీనగర్ నుంచి వస్తుంటే కొత్తపేట దాటాక, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నాలుగంతస్తుల చీరల షోరూమ్ మాది. నేను రెండో అంతస్తు, ఫ్యాన్సీ చీరలు. మా ఉద్యోగంలో చీర చూపించడం సగం పని, మన భుజం మీదే పైట వేసుకుని నిలబడటం మిగతా సగం. ఆరోజు చిలకాకుపచ్చ చీర కట్టుకున్నంత పని చేసి ఒక ఆంటీని దాదాపు ఒప్పించాను.

ఎదురు కౌంటర్ నుంచి కొత్తమ్మాయి గొంతు. "ఆయనకి చాలా బావుందండీ. మీ ఛాయకి మాత్రం మెరూన్ ఇంకా బావుంటుంది."

ఆంటీ అటు వెళ్లిపోయింది. నేను పైటతో మిగిలాను.

"ఏంది మేడమ్, వచ్చిన దినమే నా గిరాకీ గుంజుకుంటున్నవ్?"

"గుంజుకోలేదండీ, నిజం చెప్పాను. ఆ చీర మీకే నప్పింది. తీసేసుకోండి, స్టాఫ్ డిస్కౌంట్ కూడా ఉంది."

ఫ్లోర్ అంతా నవ్వింది. నాకు కోపం రావాలి. రాలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

వాళ్లది తెనాలి వైపు, ఇప్పుడు వనస్థలిపురంలో ఉంటారు. మాది నల్గొండ దగ్గర పల్లె, సరూర్‌నగర్‌లో కిరాయి గది. ఆమె "ఏంటండీ" అంటే నేను "ఏంది" అంటాను. ఇద్దరం రోజూ ఎదురెదురుగా నిలబడేవాళ్లం. నిలబడేవాళ్లం అంటే మాట వరసకి కాదు, నిజంగానే పొద్దున పది నుంచి షాపు మూసేదాకా నిలబడే ఉండేవాళ్లం.

అంతకుముందు ఒక్కో కౌంటర్ వెనక ఒక ప్లాస్టిక్ స్టూల్ ఉండేది. ఉగాది సేల్ మొదలవగానే ఓనర్ అన్నీ తీయించేశాడు. సేల్స్‌వాళ్లు కూర్చుంటే కస్టమర్‌కి మర్యాద తక్కువట. మాకు యూనియన్ ఉంది. దానికి విశ్వేశ్వరరావు అనే ప్రెసిడెంట్ ఉన్నాడు. మాకు స్టూళ్లు అడగడానికి ఆయన మూడుసార్లు ఓనర్ గదికి వెళ్లాడు. మూడుసార్లూ ఏసీలో మెత్తటి కుర్చీలో కూర్చుని, బాదంపాలు తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"మిత్రులారా, చర్చలు చివరి దశలో ఉన్నాయి. పది రోజులు ఆగండి."

ఆ పది రోజులు అయ్యేవి. మళ్లీ పది రోజులు పుట్టేవి.

స్ట్రైక్ చేద్దామని కిందటి నెల చేతులెత్తితే, గంటలో ఎవరెవరు ఎత్తారో మేనేజర్ సాంబమూర్తి నోట్లో ఉంది. ఎవరు మోశారో ఎవరికీ తెలీదు, అందరికీ తెలుసు. ఆ దెబ్బకి యూనియన్ మీద కోపం ఎంత పెరిగిందో, చెయ్యెత్తాలంటే భయం కూడా అంతే పెరిగింది.

ఆషాఢం సేల్ మధ్యలో ఉపాయం చెప్పింది అమల. బ్లౌజు పీసుల దగ్గర మేమంతా గుసగుసలాడుతుంటే మధ్యలోకి వచ్చి, "మనకి చేతులెందుకండీ, చీరలున్నాయిగా" అంది.

చీర మడతపెడితే అంచు బయటికి కనపడాలి. మా వృత్తిలో అఆలంటే అదే. మంగళవారం మధ్యాహ్నం నాలుగింటికల్లా, స్ట్రైక్ కావాలన్నవాళ్లు తమ రాక్‌లో అన్నిటికంటే పైనున్న చీరని అంచు లోపలికి మడవాలి. వద్దన్నవాళ్లు మామూలుగా వదిలేయాలి. నాలుగింటికి సుమిత్రమ్మ అన్ని ఫ్లోర్లూ తిరిగి లెక్కేస్తుంది. సుమిత్రమ్మ అందరికంటే సీనియర్, ఆమె కడుపులో పడ్డ మాట బయటికి రాదు. కెమెరాలకి అంచులు అర్థం కావు. విశ్వేశ్వరరావు చీర మడిచి పదిహేనేళ్లయింది కాబట్టి ఆయనకీ అర్థం కాదు.

నేను మంగళవారం నా పైచీర అంచు లోపలికే మడిచాను. స్టూల్ కోసం అంటే సగం నిజం. మిగతా సగం ఎదురు కౌంటర్‌లో ఉంది. సాయంత్రాలు అమల కొంగలాగా ఒంటికాలి మీద నిలబడి రెండో పాదానికి విశ్రాంతి ఇచ్చేది. నవ్వుతూనే కస్టమర్‌తో మాట్లాడేది. కింద చెప్పుల్లోంచి పాదాలు ఉబ్బి కనపడేవి. నాకు అది చూస్తే అన్నం సయించేది కాదు.

ఐదింటికి వర్షం దంచికొట్టింది. కస్టమర్లు లేరు. సుమిత్రమ్మ నా పక్కనుంచి పోతూ మెల్లగా అంది.

"కావాలన్నోళ్లు ఇరవై. వద్దన్నోళ్లు ఇరవై ఒకటి. పాయె బిడ్డా."

నిమిషంలో అమల నా కౌంటర్ దగ్గరికి వచ్చింది. మేనేజర్ చూస్తున్నాడని చేతిలో ఒక చీర పట్టుకుని మడుస్తున్నట్టు నటిస్తోంది. మొహం ఎర్రగా ఉంది.

"జగన్ గారూ, నా రాక్ చూడండి."

చూశాను. పైచీర అంచు బయటికి, జరీ తళతళా మెరుస్తోంది.

"నేను లంచ్‌కి వెళ్లేముందు లోపలికి మడిచి వెళ్లాను. ఎవరో మార్చేశారు. మీరు ఎదురుగానే ఉంటారుగా, ఎవరైనా వచ్చారా?"

అప్పుడు గుర్తొచ్చింది.

మూడింటికి ఆమె లంచ్. ఇరవై నిమిషాలు మెట్ల మీద కూర్చునే వీలు రోజు మొత్తంలో అప్పుడే. తిరిగొచ్చేసరికి కస్టమర్లు లాగి పడేసిన చీరల కుప్ప ఉంటే ఆ విశ్రాంతి వెంటనే ఆవిరి. అందుకని రోజూ ఆమె అటు వెళ్లగానే నేను ఇటు వచ్చి కుప్ప మడిచి పెట్టేవాణ్ని. సుమిత్రమ్మ పనేమో అనుకునేది అమల. నేను కాదనలేదు. ఆరోజు కూడా ఎవరో ఆ పైచీర లాగి పడేసి పోతే, నేనే మడిచి రాక్‌లో పెట్టాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. అంచు బయటికి.

"గిరాకీలో ఉన్న... చూడలే."

"వాడెవడో ఓనర్ మనిషి. ఒక్క ఓటుతో పోయింది, తెలుసా? ఇప్పుడు నేనే చెప్తే, ఓడిపోయాక మాట మార్చానంటారు. వాడు దొరకాలిగానీ, జన్మలో వాడి మొహం చూడను."

నేను తల దించుకుని చీర మడిచాను. మళ్లీ విప్పాను. మళ్లీ మడిచాను.

"ఏంటండీ, ఒకటే చీర నాలుగుసార్లు మడుస్తున్నారు?"

"మంచిగ కుదర్తలే."

ఆ సాయంత్రమంతా నాకేదీ కుదరలేదు. చెప్పకపోతే స్ట్రైక్ పోతుంది, ఆమె పాదాలు అలాగే ఉబ్బుతాయి. చెప్తే ఆమె నా మొహం చూడదు. పైగా ఎందుకు మడిచావంటే, అదీ చెప్పాలి.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి, షాపు తెరవకముందే, మెట్రో పిల్లర్ కింద అందరం చేరాం. పైన పట్టాలు, చుట్టూ వాన. విశ్వేశ్వరరావుకి మడతల సంగతి అప్పుడే చెప్పారు. లెక్క వినగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"ప్రజాస్వామ్యంలో ఒక్క ఓటైనా ఓటే. స్ట్రైక్ లేదు. మిత్రులారా, పది రోజులు..."

"ఆగుర్రి సార్! లెక్క తప్పింది."

చెయ్యెత్తింది నేనే. నలభైమంది తిరిగి చూశారు.

"అమల లోపలికే మడిచింది. నేను తెల్వక బయటికి మడిచిన."

"నువ్వా?" అంది సుమిత్రమ్మ. "ఆమె చీర నువ్వెందుకు ముట్టినవ్?"

"రోజూ నేనే మడుస్త. ఆమె లంచ్‌కి పోయినప్పుడు... జర కూసుంటదని. మూడు నెలల సంది..." అమల వైపు చూడకుండా అనేశాను. "ఆమె అంటే నాకు ఇష్టం."

సరిగ్గా అప్పుడే పైన రైలు వెళ్లింది.

"ఏమన్నవ్రా? ఇనవడలే, గట్టిగ చెప్పు!" అని వెనకనుంచి జంగయ్య అరిచాడు. కింద గోడౌన్ రాక్‌లో చీరలు సర్దే పెద్దమనిషి.

"ఆమె అంటే నాకు ఇష్టం!" నేను పూర్తి బలంతో అరిచాను. రైలు అప్పటికే వెళ్లిపోయింది. అవతల టీ బండివాడు కూడా తిరిగి చూశాడు.

ఈలలు. నవ్వులు. నేను మాత్రం అమలనే చూస్తున్నాను. ఆమె నన్ను చూడలేదు. ప్రెసిడెంట్ వైపు తిరిగింది.

"నా ఓటు స్ట్రైక్‌కేనండీ. లెక్క సరిచేయండి. ఇరవై ఒకటి, ఇరవై."

"ఒక్క ఓటు తేడాతో స్ట్రైక్ ఏంటమ్మా?" విశ్వేశ్వరరావు విసుక్కున్నాడు. "ప్రేమ వ్యవహారాలు తెచ్చి యూనియన్‌లో..."

"ఇప్పుడే కదా సార్, ఒక్క ఓటైనా ఓటే అన్నారు?"

జంగయ్య తువ్వాలు దులిపి ముందుకొచ్చాడు. "నేను అంచు బయటికే వెట్టిన. భయపడి. గీ పోరడు ఇంతమంది ముందట గింత మాట చెప్పినంక నాకేం భయం? నాది గూడ లోపలికే రాసుకోర్రి."

"నాది కూడా" అన్నారెవరో. ఆ వెనకే ఇంకొకరు. సుమిత్రమ్మ లెక్కపెట్టడం మానేసింది.

పదింటికి షట్టర్ లేచింది. మేం లోపలికి వెళ్లలేదు. షోరూమ్ ముందు మెట్ల మీద వరసగా కూర్చున్నాం. వేరే చోటు లేక విశ్వేశ్వరరావు కూడా కూర్చున్నాడు. ఆయనకి మాత్రం కూర్చోవడం అలవాటే.

నేను చివర నిలబడ్డాను. అమల దగ్గరికి వెళ్లే ధైర్యం పొద్దున్నే ఖర్చయిపోయింది. ఆమె చెప్పులు విప్పింది. బ్యాగులోంచి పేపరు తీసింది. తడి మెట్టు మీద ఒక షీట్ తనకి పరిచింది. పక్కన ఇంకో షీట్ పరిచింది.

"కూర్చో."

కూర్చున్నాను. మూడు నెలల్లో ఇద్దరం పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి.

"మొహం చూడనన్నవ్?"

"చూడట్లేదుగా." నిజమే, రోడ్డు వైపు చూస్తోంది. పెదాలు మాత్రం ఆగట్లేదు.

"మరి... జవాబు?"

"ఆషాఢంలో అలాంటి మాటలు చెప్పకూడదు. శ్రావణం రానీ."

"ఇంకెన్ని దినాలు?"

వేళ్ల మీద లెక్కపెట్టింది. "పది రోజులు ఆగు."

"ఏంది, నువ్వు గూడ ప్రెసిడెంట్ లెక్కనే మాట్లాడుతున్నవ్!"

అమల పకపకా నవ్వింది. నవ్వుతూ మొహం ఇటు తిప్పేసింది. లోపలినుంచి సాంబమూర్తి పరుగెత్తుకొచ్చాడు. "లేవండి, లేవండి! కస్టమర్లు వస్తున్నారు!"

ఎవ్వరూ లేవలేదు.

"ఆగుతా" అన్నాను అమలతో. "గని ఈసారి నిలవడి కాదు."