మాటల మీట

ఆ ఇంట్లో పొద్దున కాఫీకి హాజరు ఉంటుంది. పుస్తకమేమీ పెట్టరు గానీ, ఏడున్నర దాటాక మెట్లు దిగినవాళ్ళని పెద్దాయన ఒక చూపు చూస్తారు. ఆ చూపు చాలు, మర్నాడు ఏడుంపావుకే దిగుతారు. కంపెనీలో ఏ నిర్ణయమైనా ముందు ఆ కాఫీ బల్ల దగ్గర మాటగా పుట్టాల్సిందే. ఆ తర్వాతే ఆఫీసుకెళ్ళి కాగితమవుతుంది.

కంపెనీ అంటే చిన్నాచితకా వ్యవహారం కాదు. మొదలు మాత్రం చిన్నదే. నలభై ఆరేళ్ళ కింద ఓ సందులో, మెట్ల కింద వేసుకున్న రేడియో రిపేరు బల్ల అది. పెద్దాయన సోల్డరింగ్ చేస్తుంటే అమ్మ పక్కన కూర్చుని రాగితీగ చుట్టేది. రిపేర్ల నుంచి లౌడ్‌స్పీకర్లు వచ్చాయి, లౌడ్‌స్పీకర్ల నుంచి టేప్ రికార్డర్లు. టేప్ రికార్డర్ కొన్నవాళ్ళు ‘ఇందులో ఏం వేసుకోవాలండీ?’ అని అడిగితే పాటల కంపెనీ పెట్టారు. టీవీలు చేశాక మాత్రం ఎవరూ అడిగేదాకా ఆగలేదు, సినిమాలు కూడా తీసేశారు. ‘పెట్టె అమ్మినవాడే పెట్టెలోదీ అమ్మాలిరా’ అన్నది ఆయన సిద్ధాంతం. ఇప్పుడు టీవీలూ స్పీకర్లూ నడిపమ్మాయి చేతిలో ఉన్నాయి. సినిమాలూ పాటలూ పెద్దబ్బాయివి. కంప్యూటర్ ఆటలు చిన్నోడివి.

ఆ సోమవారం నడిపమ్మాయి రొట్టెకి వెన్న రాస్తూ ఉండగా పెద్దాయన గొంతు సవరించుకున్నారు.

“టీవీల విభాగం అమ్మేద్దామనుకుంటున్నా. కొనేవాళ్ళు దొరికారు. వచ్చే సోమవారం బోర్డు మీటింగులో పెడతాను.”

వెన్న కత్తి ఆగిపోయింది. ఆమె చుట్టూ చూసింది. అన్నయ్య తల వంచుకుని కాఫీ కలుపుతున్నాడు. అంటే వాడికి ముందే తెలుసన్నమాట!

“నాన్నా, పద్దెనిమిదేళ్ళ నుంచి నేను నడుపుతున్న విభాగం అది. రెండువేల మంది పనివాళ్ళు. నాతో ఒక్క మాటైనా అనకుండానా?”

“ఇప్పుడు అంటున్నాగా అమ్మలూ.”

“ఏం చెయ్యమంటావే మరి?” పెద్దబ్బాయి అందుకున్నాడు. “ఇరవై టీవీలు అమ్మితే ఒకటి వెనక్కొస్తోంది. అన్నిటి మీదా ఒకటే ఫిర్యాదు, మాటలు వినపడవని.”

“వార్తలు వినపడతాయి అన్నయ్యా. పాటలు వినపడతాయి. నీ సినిమాలే వినపడవు. నీ హీరోలు నోట్లో గోలీలు పెట్టుకుని మాట్లాడితే నా టీవీ ఏం చేస్తుంది?”

“ఆహా! స్పీకర్ని గోడ వైపు తిప్పేసి, టీవీ సన్నగా ఉందని మురిసిపోయేది నువ్వు. పేరు పోయేది నా సినిమాలది. మూడేళ్ళ నుంచి చెప్తున్నా. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే!”

పెద్దాయన కాఫీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టారు. కాఫీ సాసర్లోకి ఒలికింది. “చాలు. చెప్పాల్సింది చెప్పాను” అని లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

“మీ గొడవలతో ఆయన్ని కాఫీ కూడా తాగనివ్వరు కదా!” అంది అమ్మ.

ఫ్యాక్టరీకి వెళ్తూ దారంతా ఏడుస్తూనే ఉంది నడిపమ్మాయి. విభాగం పోతుందన్న బాధ ఒక ఎత్తు, నాన్న తనని అడగకపోవడం ఇంకో ఎత్తు. చిన్నప్పుడు ఆయన బల్ల పక్కన స్టూలేసుకుని కూర్చుని, ఏ వైరు ఎక్కడ అతకాలో నేర్చుకున్న పిల్ల తనొక్కతే. అలాంటిది అన్నయ్యకి తెలిసిన సంగతి తనకి తెలియకూడదా? ఇదెక్కడి న్యాయం?

ఏడుపు ఒక పూట సరిపోయింది. మంగళవారం పొద్దున్నే సర్వీసు సెంటర్లో దిగింది. అక్కడ తిరిగొచ్చిన టీవీలు గోడ పొడుగునా వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటి మధ్య, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, మెకానిక్ బాబాయి కూర్చుని ఉన్నాడు. మెట్ల కింద బల్ల నాటి నుంచీ పెద్దాయనతో ఉన్న మనిషి. సొంత బాబాయి కాకపోయినా ఆ ఇంటి పిల్లలందరికీ బాబాయే.

“నలభై విప్పి చూశా అమ్మాయ్. ఒక్కదాంట్లోనూ వంక లేదు. స్పీకరు బాగుంది, బోర్డు బాగుంది. మరి జనం అబద్ధమాడతారా అంటే, వాళ్ళెందుకు ఆడతారు?” అని చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “నీకో మాట చెప్పాలి. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు మీ నాన్న. ఆ ఒట్టు గట్టున పెట్టి చెప్తున్నా.”

“ఏంటి బాబాయ్?”

“మీ నాన్న గదిలో టీవీ మూడుసార్లు ఇక్కడికొచ్చింది. మూడుసార్లూ బాగానే ఉందని పంపాను. మూడోసారి ఫోన్ చేసి, ‘టీవీ బాగుంటే పోయింది నా చెవులేరా’ అన్నాడు. మీ మోడల్ ఏది బయటికి రావాలన్నా ఆయన విని సరే అనాలి కదా? ‘నేను సరే అన్నవే తిరిగొస్తున్నాయి, నా చెవి చెడి పిల్లదాని విభాగం ముంచాను, నా వల్ల అది ఇంకా పాడవకముందే మంచి చేతుల్లో పెట్టాలి’ అన్నాడు. అని ఫోన్లోనే ఏడ్చేశాడు.”

నడిపమ్మాయి ఒక టీవీ పెట్టె మీద కూర్చుంది. నిన్నంతా నాన్న తనని నమ్మలేదని కుమిలిపోయింది. ఆయన నమ్మనిది తనని కాదు. అన్నయ్య శంఖం మాటకి కప్పు ఎందుకంత గట్టిగా పెట్టారో ఇప్పుడు అర్థమైంది.

‘ఆయన చెవులకేం కాలేదు’ అనుకుంది. అనుకోవడానికి కారణం కూడా ఉంది. కిందటి వారం పెరట్లో ఎక్కడో కుళాయి బొట్లుబొట్లుగా కారుతోందని మేడ మీది నుంచి అరిచింది ఆయనే. కానీ నోటిమాటతో చెప్తే ఓదార్పు అనుకుంటారు. రుజువు కావాలి.

బుధవారం ఒక టీవీని వ్యానులో వేసుకుని అన్నయ్య స్టూడియోకి బయలుదేరింది. ఒకే గేటు, ఒకే కంపెనీ, నడిచి వెళ్తే పది నిమిషాలు. అయినా ఆమె అక్కడ అడుగుపెట్టి ఆరేళ్ళయింది. సినిమాలకి శబ్దం కలిపే గది పెద్ద థియేటరంత ఉంది, నాలుగు గోడలకీ స్పీకర్లే. అక్కడి పెద్దని అందరూ శబ్దాల మాస్టారు అంటారు.

“మాస్టారూ, మీరు కలిపిన సినిమా ఎప్పుడైనా మన టీవీలో విన్నారా?”

ఆయన బుర్ర గోక్కున్నాడు. “మన టీవీ ఇక్కడ లేదండీ. మరి మీరు మీ టీవీని మన సినిమా పెట్టి పరీక్షిస్తారా?”

ఈసారి బుర్ర గోక్కోవడం ఆమె వంతయింది. ఆమె పరీక్షల గది చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా ఉంటుంది. అందులో శబ్దం కొలిచే మీటరు పెట్టి, ‘కూ’ మనే పరీక్ష కూత పెట్టి, పాత పాట పెట్టి చూస్తారు. నాన్న వినేది కూడా ఆ గదిలోనే, ఆ పాటే. సినిమా ఎవరూ పెట్టలేదు. ఒకరు థియేటర్లో వింటారు, ఒకరు దూదిపెట్టెలో వింటారు, మధ్యలో వంటిల్లూ కుళాయీ వాషింగ్ మెషినూ ఉన్న మామూలు ఇల్లు మాత్రం ఎవరికీ పట్టలేదు!

ఆ ఏడు పెద్ద హిట్టయిన సినిమాని టీవీలో పెట్టారు. వానలో అమ్మాయి ఏడుస్తూ మాట్లాడే ఘట్టం రాగానే మాస్టారి మొహం పాలిపోయింది. “అయ్యో! ఆ మాట సరిగ్గా పడాలని నేను ఎనిమిది రోజులు కూర్చున్నానండీ. వాన తప్ప ఏమీ లేదే! నా దగ్గర మాటలు వేరు, సంగీతం వేరు, చప్పుళ్ళు వేరు. చివర్లో కలిపేస్తాం.”

“కలపకుండా పంపితే?”

“పంపొచ్చు. అందుకోవడం మీ టీవీకి రావద్దూ?”

ఆ సాయంత్రం చిన్నోడి గది తలుపు తట్టింది. సంగతంతా విని వాడు పడీపడీ నవ్వాడు. “అక్కా, మా ఆటల్లో అది పదేళ్ళ నుంచీ ఉంది. మాటలకో మీట, తుపాకులకో మీట. ఎవరికేది కావాలంటే అది పెంచుకుంటారు.”

“మరి చెప్పవేంట్రా!”

“ఎక్కడ చెప్పనిచ్చారు? కాఫీ దగ్గర నాన్న ‘ఆటలెలా ఉన్నాయిరా’ అంటారు, నేను ‘బాగున్నాయి’ అంటాను. ఈలోపు నువ్వూ అన్నయ్యా మొదలెడతారు.”

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. గురువారం నుంచి శనివారం దాకా ముగ్గురి మనుషులూ ఒకే గదిలో కూర్చున్నారు. మాస్టారు మాటల్ని విడిగా పంపారు, చిన్నోడి కుర్రాళ్ళు వాటిని అందుకునే ప్రోగ్రాం రాశారు, మెకానిక్ బాబాయి రిమోట్లో ఒక మీట పనికిరాని పని చేస్తుంటే దాన్ని మాటల కోసం ఖాళీ చేయించాడు.

ఆదివారం పదకొండింటికి ఇంట్లో అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది నడిపమ్మాయి. వంటింట్లో కుళాయి తిప్పి వదిలింది, వాషింగ్ మెషిన్ వేసింది. పెద్దబ్బాయి సినిమా పెట్టి, వాన ఘట్టం కాగానే ఆపేసింది.

“ఇప్పుడు ఆ అమ్మాయి ఏమంది?”

పెద్దాయన మొహం కందగడ్డయింది. “ఏంటిది? నన్ను పరీక్షిస్తున్నావా? రేపు బోర్డు మీటింగు పెట్టుకుని ఇవాళ ఈ తమాషా ఏంటి?”

“మిమ్మల్ని కాదు నాన్నా. నన్నే.” అంది నడిపమ్మాయి. “ఆ అమ్మాయి ఏమందో నాకు తెలీదు. ఈ సినిమా నాలుగుసార్లు చూశాను. నేను చేసిన టీవీలో, నా ఇంట్లో కూర్చుని, ఒక్కసారి కూడా ఆ మాట వినపడలేదు. టీవీల పెద్దని నేను, నాకే వినపడకపోతే పరువేం కావాలని ఎవరితోనూ అనలేదు. కింద అక్షరాలు వస్తే చదువుకుంటాను.”



“హమ్మయ్య!” వదిన గట్టిగా ఊపిరి వదిలింది. “నాకొక్కదానికే అనుకున్నా! ఆయన సినిమాకి ఆయన పక్కనే కూర్చుని అక్షరాలు పెట్టమంటే ఏమనుకుంటారోనని, మీరంతా నవ్వినప్పుడు నవ్వేస్తున్నా.”

“నువ్వు నవ్వితే నేను నవ్వుతున్నా కదే!” అంది అమ్మ. “మూడేళ్ళుగా నాకు ముసలితనం ముంచుకొచ్చిందనుకుంటున్నానే తల్లీ! ఈ వాన దగ్గర నాలుగుసార్లు ఏడ్చాను, ఎందుకేడ్చానో భగవంతుడికి తెలియాలి.”

“నాకూ వినపడదు” అన్నాడు చిన్నోడు, చెయ్యెత్తి.

అందరూ పెద్దబ్బాయి వైపు తిరిగారు. “కథ నా దగ్గరుంది కాబట్టి నాకు మాటలు నోటికొచ్చు. వినపడ్డాయో లేదో ఎప్పుడూ ఆలోచించలేదు” అన్నాడు మెల్లగా.

తిలా పాపం తలా పిడికెడు! ఊరందరికీ శబ్దం అమ్మే ఇంట్లో ఇంతమంది, ఎవరి చెవిని వాళ్ళు అనుమానించుకుంటూ, ఎవరి పరువు వాళ్ళు కాపాడుకుంటూ మూడేళ్ళు కూర్చున్నారు.

నడిపమ్మాయి ఘట్టం వెనక్కి తిప్పి, రిమోటు నాన్న చేతిలో పెట్టింది. “ఈ మీట నొక్కండి నాన్నా.”

నొక్కారు. వాన దూరంగా జరిగింది. వాషింగ్ మెషిన్ తిరుగుతూనే ఉంది, కుళాయి కారుతూనే ఉంది. వాటన్నిటి మీదుగా, పక్కనే కూర్చుని చెప్పినంత స్పష్టంగా, ఆ అమ్మాయి ఏడుస్తూ అంది: “గొడుగు మీ ఇంట్లో మర్చిపోయాను.”

“గొడుగా?” అమ్మ నోరు తెరిచింది. “నేను నాలుగుసార్లు ఏడ్చింది గొడుక్కా!”

అందరూ గొల్లుమన్నారు. పెద్దాయన నవ్వలేదు. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నారు. మూడోసారి కూడా విన్నారు. గొడుగు మాట వింటూ ఆయన కళ్ళ నుంచి నీళ్ళు గడ్డం దాకా జారాయి.

“సిగ్గేసిందమ్మలూ” అన్నారు. “శబ్దం మీద బతికినవాణ్ణి. చెవులు పోయాయని నీతో ఎలా చెప్పను? డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, ఆయన ఔనంటే ఏం చెయ్యాలని భయం. నావల్ల నీ పని చెడిపోతోందని...”

“నాతో ఒక్క మాట అనుంటే ఎంత బాగుండేది నాన్నా! ఇద్దరం కలిసే వెతికేవాళ్ళం” అని ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చేసింది నడిపమ్మాయి. ఆయన చెయ్యి ఆమె తల మీద చాలాసేపు అలాగే ఉండిపోయింది.

పెద్దబ్బాయి పక్కకొచ్చి కూర్చున్నాడు. “చెల్లీ, ఆ శంఖం మాట వెనక్కి తీసుకుంటున్నా. రేపు బోర్డులో అమ్మొద్దని చెప్పేది నువ్వు కాదు, నేను. నా సినిమాని జనం చెవిలో వేసేది నీ టీవీనే.”

అన్నట్టే చేశాడు. సోమవారం బోర్డు మీటింగులో లేచి నిలబడి, అమ్మకం ప్రతిపాదన తీసెయ్యమనీ, మూడు విభాగాలకీ కలిపి ఒక గది ఉండాలనీ, దానికి చెల్లెలే పెద్దగా ఉండాలనీ అడిగాడు. ఆ గదిలో ఒక సోఫా, ఒక కుళాయి, ఒక వాషింగ్ మెషిన్ పెట్టారు. అక్కడ వినపడనిది ఏదీ ఇప్పుడు గేటు దాటదు. పెద్దాయన చెవుల డాక్టరు దగ్గరికి ఈల వేసుకుంటూ వెళ్ళొచ్చారు. డెబ్బై నాలుగేళ్ళకి ఇవి మంచి చెవులేనన్నాడాయన.

మాటల మీట ఉన్న టీవీ బజారులోకి వచ్చిన మొదటి నెలలోనే షాపుల్లో సరుకు చాల్లేదు. ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు మొదలైంది, కొత్తగా ఆరు వందల మందిని తీసుకున్నారు. ఇంటింటా పెద్దవాళ్ళు ఉత్తరాలు రాశారు, మా చెవులు బాగానే ఉన్నాయని తెలిసిందని. పాత సినిమాల మాటలు కూడా విడదీసి పంపమని జనం వెంటపడితే, పెద్దబ్బాయి గోదాముల్లో మూలుగుతున్న రీళ్ళ డబ్బాలన్నీ దులిపాడు. చిన్నోడి ఆటలు ఆ టీవీల్లోనే అమ్ముడుపోయాయి. మెకానిక్ బాబాయి సర్వీసు సెంటర్లో గోడ ఖాళీ అయి, ఆయనకి పొద్దుపోక కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున, అందరూ కాఫీ తాగుతుండగా పెద్దాయన ఫోన్ మోగింది. విభాగాన్ని కొంటామన్న పెద్దమనిషి. ఆయన గొంతు బల్ల చివరిదాకా వినపడుతోంది. “అయ్యా, ముందు చెప్పిన ధరకి రెట్టింపు ఇస్తాం. ఏమంటారు?”

పెద్దాయన నడిపమ్మాయి వైపు చూసి కన్ను గీటారు. ఫోన్ కొంచెం దూరంగా పట్టుకున్నారు.

“ఆఁ? ఏంటండీ? కొంచెం గట్టిగా చెప్పండి.”

“రెట్టింపు అంటున్నానండీ! రెట్టింపు!”

“అబ్బే, ఏమీ వినపడటం లేదండీ. వయసు మీద పడింది కదా, చెవులు బొత్తిగా పనిచెయ్యటం లేదు. ఉంటాను మరి” అని ఫోన్ పెట్టేసి, తాపీగా కాఫీ కప్పు అందుకున్నారు.

ఇంటిల్లిపాదీ పొట్టలు పట్టుకుని నవ్వారు. నడిపమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.