దాన్‌బికి సీటు వచ్చింది

పొద్దున్నే పొయ్యి మీద సముద్రపు నాచు చారు మరుగుతోంది. ఒక్‌బున్ మూత తీసి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

“పరీక్ష రోజున నాచు చారా! అది తింటే నాచు మీద కాలు జారినట్టు పరీక్షలో జారిపోతారని చిన్నపిల్లకైనా తెలుసు కదమ్మా!”

“ఇంగ్లీషు బడిలో చేరడానికి నాలుగేళ్ల పిల్లకి పరీక్షేమిటి అత్తయ్యా? దానికి ఇష్టమని చేశాను,” అంది కోడలు హేరిమ్.

“నా కూతురి కొడుకు ఈ వయసుకే ఇంగ్లీషులో పాటలు పాడేవాడు. కొడుకు బిడ్డేమో సందు చివరి బడిలో బురద పిసుక్కుంటూ కూర్చుంటే నాకు తలవంపులు కాదూ?”

హేరిమ్ మనసంతా ఆ సందు చివరి బడి మీదే ఉంది. అక్కడ పిల్లలు కుండీల్లో పాలకూర పెంచుతారు, మధ్యాహ్నం హాయిగా పడుకుంటారు. ఆ సంగతి అత్తగారికి చెప్పడం గోడకు చెప్పడమే. హేరిమ్ తన భర్త తేగ్యు వైపు చూసింది. అతను గిన్నెలోంచి తల ఎత్తకుండానే, “ఒకసారి తీసుకెళ్లి చూడండి, పోయేదేముంది?” అనేశాడు.

నిజానికి హేరిమ్‌కీ లోలోపల బెదురే. అపార్ట్‌మెంట్లో తోటి తల్లులంతా పిల్లల్ని ఆ ఇంగ్లీషు బడికే పంపుతున్నారు. రేపు తన కూతురొక్కతే వెనకబడితే? అందుకే తనే పాపను కూర్చోబెట్టి రంగులూ, జంతువుల పేర్లూ బట్టీ పట్టించింది. బడి గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని కాలర్ సర్దుతూ, “లోపల మన భాషలో ఒక్క మాట మాట్లాడినా అమ్మ ఊరుకోదు, తెలిసిందా?” అంది. దాన్‌బి బుద్ధిగా తలూపి టీచర్ వెంట వెళ్లింది.

తలుపు మళ్లీ తెరుచుకునేదాకా అత్తాకోడళ్లు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

“మీ పాపకి సీటు వచ్చిందండీ. అన్నిటికీ జవాబు చెప్పింది,” అని టీచర్ నవ్వి, గొంతు తగ్గించింది. “కాస్త బట్టలు మార్చండి.”

“నా బంగారు తల్లే!” అంటూ లేచిన ఒక్‌బున్ అక్కడే ఆగిపోయింది. దాన్‌బి తెల్ల మేజోళ్లు పాదాల దాకా తడిసి ఉన్నాయి. పిల్ల ఏడవడం లేదు. తల్లి ముఖం వంకే చూస్తోంది.

“పక్క కూడా తడపని పిల్లవి! బాత్రూమ్‌కి వెళ్లాలని చెప్పొద్దూ?” అంది ఒక్‌బున్.

దాన్‌బి పెదవులు బిగించింది. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక గానీ నోరు విప్పలేదు. తల్లి చెవిలో, పక్కనున్న నాన్నమ్మకీ వినపడేలా గుసగుసగా అంది, “ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలీలేదమ్మా. మన మాటల్లో చెబితే నువ్వు ఊరుకోవుగా.”

హేరిమ్ చప్పున అత్తగారి వైపు తిరిగింది.

“చాలా అత్తయ్యా? ఇప్పుడు మీ కళ్లు చల్లబడ్డాయా?”

“నన్నంటావేం? పిల్ల నోరు కుట్టింది నేనా?”

అనేసి ఒక్‌బున్ తన కోటు విప్పి పిల్లకు చుట్టి, వీపు మీద ఎక్కించుకుని నాలుగడుగులు వేసింది.

“నాన్నమ్మా, ఇక్కడ మన భాషలో మాట్లాడొచ్చా?”

ఒక్‌బున్ రోడ్డు పక్కన అలాగే నిలబడిపోయింది. భుజాలు కదిలిపోతున్నాయి.

“మాట్లాడు తల్లీ. నోరారా మాట్లాడు.” ముక్కు చీదుకుని కోడలి వైపు చూడకుండానే అంది, “వెళ్లి సీటు వద్దని చెప్పి రా. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాలే.”

హేరిమ్ వెళ్లి చెప్పి వచ్చింది. కూతురి చల్లటి పాదాలు రెండూ అరచేతుల్లోకి తీసుకుని, “తప్పు అమ్మదేరా,” అంది.

దాన్‌బి ఆమె చెంప మీది తడిని చేత్తో తుడిచి, “ఆ గదిలో తొట్టి నిండా చేపలున్నాయమ్మా! ఒకటి నన్నే చూసింది, తెలుసా...” అంటూ మొదలుపెట్టింది. ఇల్లు చేరేదాకా ఆపలేదు. వాళ్లిద్దరూ ఆపనివ్వనూ లేదు.