ఖాళీ పళ్ళెం బరువు

పురిటి వార్డు చివరి గదిలో పసివాళ్లను తూచే యంత్రం ఒకటి ఉండేది. మూడు నెలలకోసారి వచ్చి దాన్ని సరిచూసే ఆవిణ్ణి అందరూ తూకాలమ్మ అనేవారు. ఆ మధ్యాహ్నం కరెంటు పోయి, గది మూతపెట్టిన కుండలా ఉడుకుతోంది. యంత్రం మాత్రం బ్యాటరీ మీద వెలుగుతోంది.

"పళ్ళెం ఖాళీగా ఉన్నా అరవై గ్రాములు చూపిస్తోందమ్మా," అంది నర్సక్క. "పక్కగదిలో బిడ్డకి తూకాన్ని బట్టే మందు వెయ్యాలి. పిడికెడు ప్రాణం, తేడా వస్తే తట్టుకోలేదు."

"పోయినసారి ఇరవై చూపిస్తే సున్నా కొట్టి వెళ్లానుగా?"

"కొట్టావు. అప్పట్నుంచే పెరుగుతోంది."

తూకాలమ్మ నవ్వింది. "యంత్రానికీ మనలాగే కాస్త అబద్ధమాడే గుణం ఉంటుందిలే అక్కా."

బరువు పడితే పళ్ళెం కింద పుట్టే పిసరంత విద్యుత్తును వందల రెట్లు పెంచే చిప్పు ఒకటి లోపల ఉంటుంది. ఏమీ అందకపోయినా అది ఏదో కాస్త ఉందంటుంది. ఆ కాస్తని ఆఫ్‌సెట్ అంటారు. వేడెక్కేకొద్దీ అది పక్కకి జరిగితే డ్రిఫ్ట్. రెండూ కలిపినా ఐదు గ్రాములు దాటవని ఆ చిప్పుతో వచ్చిన కాగితంలో రాసి ఉంది.

తూకాలమ్మ యంత్రం మూత విప్పి, పళ్ళెం నుంచి విద్యుత్తు అందుకునే చిప్పు రెండు చెవుల్నీ ఒక తీగతో కలిపింది. ఇక పళ్ళెం మాట దానికి వినపడదు.

మూడు గ్రాములు.

అంటే చిప్పు తప్పేం లేదు. తీగ తీసింది. అంకె అరవై దాటి ఇంకా పైకి పోయింది.

డెబ్బై ఒకటి... డెబ్బై నాలుగు... డెబ్బై ఒకటి...

ఊపిరి తీసి వదులుతున్నట్టు.

తూకాలమ్మ తీగను పక్కన పెట్టింది. పోయినసారి బద్ధకించి ఈ తీగ పరీక్ష చెయ్యలేదు. ఉన్నదాన్ని లేదని సున్నా కొట్టేసి వెళ్లిపోయింది.

"మళ్లీ కొట్టెయ్యవే తల్లీ," నర్సక్క గుసగుసలాడింది. "అవతల బిడ్డ ఆగడు."

"కొట్టను."

పళ్ళెం మీదికి వంగింది. ఖాళీ పళ్ళెంలోంచి పాలవాసన...

"ఉన్నావులే నాన్నా," అంది మెల్లగా. "నాదే పొరపాటు. కాస్త లే... ఇంకో బిడ్డ పడుకోవాలి."

అంకెలు ఆగాయి. తర్వాత ఒక్కొక్కటే దిగాయి. మూడు.

కిలో రాయి పెట్టి చూసింది. మూడు పోగా, సరిగ్గా కిలో. బిడ్డను తూచారు, మందు వేశారు. సాయంత్రానికి వాడు వార్డు దద్దరిల్లేలా ఏడ్చాడు.

గేటు దగ్గర కాపలా తాత ఎప్పట్లాగే ఆవిడ పనిముట్ల సంచి ఒంటిచేత్తో అందుకున్నాడు. అందుకుని, ఎందుకో ఆగాడు. రెండో చెయ్యి తెచ్చి సంచి ఒక కొసన, పసిబిడ్డ తల కింద పెట్టినట్టు, మెత్తగా పెట్టాడు.