కూతురు బిగించిన చక్రం

కూతురు బ్యాగులు కారులో సర్దుతుంటే తండ్రి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పానాకు ఇనప గొట్టం తొడిగి ఒక్క గుంజు గుంజాడు. నట్టుతో పాటు, చక్రాన్ని పట్టి ఉంచే స్టడ్ బోల్టు విరిగి ముక్క నేలమీద పడింది. పక్కదీ అంతే.

"చూశావా? ఈ బండేసుకుని కొండ దారిలో ఒక్కదానివే పోతానంటావు!"

"సాయంత్రంలోగా డ్యూటీలో చేరకపోతే ఆసుపత్రిలో ఆ నర్సు ఉద్యోగం ఇంకొకరికిచ్చేస్తారు నాన్నా. స్టడ్లు కొనుక్కొస్తా. ఇక్కడే మారుద్దాం."

"వేరే ఉద్యోగమే రాదా ఏం?"

"ఆ నోటికి కాస్త విశ్రాంతినిచ్చి జాకీ ఎత్తండి," అంది తల్లి గుమ్మంలోంచి.

కూతురు ఆ చక్రానికి సరిపడా స్టడ్లన్నీ తెచ్చింది. చక్రం విప్పి, బ్రేకును తీగతో పైకి కట్టి, డిస్కు తీసింది. ఒక పాత స్టడ్‌ను సుత్తితో వెనక్కి కొట్టింది. కొత్తది వెనకనుంచి దూర్చి, ముందు వాషర్లు పేర్చి నట్టు తిప్పితే స్టడ్ లోపలికి లాక్కుంటుంది. కానీ స్టడ్లుండే ఆ ఇనప గుండ్రం, హబ్, తిరగకూడదు. తండ్రి మిగతా స్టడ్ల మధ్య కడ్డీ అడ్డంపెట్టి పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకో."

"పట్టుకునే ఉన్నా. నువ్వెళ్ళడమే నాకిష్టం లేదు."

ఆమె విరిగిన ముక్క అతని కళ్ళముందు పెట్టింది. "నడుం ఎలా సన్నబడిందో చూడు. మోతాదు మించి బిగిస్తేనే సాగి ఇలా అవుతుంది. పంక్చరైనప్పుడు ఈ చక్రం నేనే మార్చాను. సరిపడా బిగువు రాగానే టక్కుమనే కొలత పానాతో బిగించాను. తర్వాత ఎవరు ముట్టుకున్నారు?"

తండ్రి కడ్డీని ఇంకాస్త గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

"రోజూ మీ నాన్నే," అంది తల్లి. "నువ్వు లేవకముందే. ఆ గొట్టం వేసి."

"ఈ చక్రమొక్కటేనా?"

"నువ్వు బిగించింది అదొక్కటేగా."

కూతురు చేతిలో పానా ఆగింది. "అంత నమ్మకం లేదా నాన్నా?"

"దారిలో ఊడిపోతుందేమోనని భయం. బిగిస్తే ఆ పూటకి మనసు కుదుటపడేది."

"ఇవాళ వాకిట్లో విరిగింది. నేను దారిలో ఉన్నప్పుడు విరిగుంటే?"

ఆ మాట అతనికి ఎన్నడూ తట్టలేదు. కడ్డీ వదిలితే హబ్ తిరుగుతుంది. వదల్లేక, కళ్ళు భుజానికి తుడుచుకున్నాడు.

"కానీయమ్మా," అన్నాడు. "పట్టుకున్నా."

స్టడ్లన్నీ మార్చి, డిస్కూ బ్రేకూ బిగించి, చక్రం ఎక్కించారు. కొలత పానా టక్కుమన్నప్పుడల్లా తండ్రి చేయి ముందుకొచ్చింది. ప్రతిసారీ వెనక్కి తీసుకున్నాడు.

ఆమె స్టీరింగ్ ముందు కూర్చున్నాక కిటికీ దగ్గరికెళ్ళాడు. "కొత్త స్టడ్లు కాస్త సర్దుకుంటాయి. కొంత దూరం పోయాక ఆపి బిగుతు చూసుకో. నువ్వే చూసుకో."

కారు వెళ్ళాక తండ్రి ఇంట్లోకి రాలేదు. గుమ్మంలోనే ఉండగా ఫోన్ మోగింది.

"కొండ మొదట్లో ఆపాను నాన్నా. చూశాను. ఒక్కటీ కదల్లేదు."

అతను గుమ్మంలోనే కూర్చున్నాడు.

"అయితే ఇంకా ఆగావేం? కొండెక్కు తల్లీ," అన్నాడు.