తన్ని

కోయిలకుంట్ల నుంచి బనగానపల్లె పోయే దారిలో పాడుబడిన నాపరాళ్ల గని ఒకటుంది. చీకటి పడితే ఆ పక్కకు ఎవరూ పోరు. అందులో తన్నే దెయ్యం ఉందని మా వాళ్ల నమ్మకం. అది కనపడదు. "తన్ని... తన్ని..." అని మాత్రం అంటుంది. తన్నులు తిన్నవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు గానీ, పరుగెత్తి మోకాళ్లు పగలగొట్టుకున్న వాళ్లు చాలామందే ఉన్నారు.

ఆటో గిడ్డయ్య చెప్పిన సంగతి ఇది. పోయిన మాఘమాసంలో ఒకరాత్రి చివరి బేరం దింపి వస్తుంటే, సరిగ్గా ఆ గని ముందరే డీజిల్ అయిపోయింది. దరిద్రం కాకపోతే అక్కడే అయిపోవాలా!

కింద గనిలో నుంచి వినపడింది.

"తన్ని..."

గిడ్డయ్య తల తిప్పి చూశాడు. గని అంచున ఏదో ఆకారం... చేతిలో చెంబు.

"ఎ... ఎవురది?"

"నేనేలే గిడ్డయ్యా. ఓబుళేశును."

మిలిటరీ ఓబుళేశు! ఎనభై ఏడులో, శాంతి సైన్యమని శ్రీలంకకు పంపిన వాళ్లలో మా ఊరి నుంచి ఆయనొక్కడే. తిరిగొచ్చాక ఏనాడూ ఆ ఊసెత్తలేదు. ఆ రాత్రి మాత్రం గుసగుసగా చెప్పాడట.

"శాంతి కాపాడనీకి పోతాండామన్నారు. ఆడ ఎవుర్ని కాపాడాల్నో, ఎవుర్ని కాల్చాల్నో మాకే తెలీదు. జాఫ్నాలో ఒకింట్లో ముసలామె పడుండాది. కడుపులో గుండు... మాదో, వాళ్లదో. నన్ను జూసి 'తన్ని, తన్ని' అంటాది. తంతానంటాందని నాకు కోపమొచ్చె. మొగం తిప్పుకున్నా. గంటకు అరవ సిపాయొకడొచ్చి చెప్పినాడు... తన్ని అంటే వాళ్ల మాటలో నీళ్లంట. అప్పటికే పాణం పోయినాది. నా నడుముకు సీసా నిండా నీళ్లుండాయి, గిడ్డయ్యా."

ఆయన మాట ఆగింది. ఆగాక— మళ్లీ వచ్చింది.

"తన్ని..."

ఆడగొంతు. ముసలి గొంతు.

ఓబుళేశు గబుక్కున గిడ్డయ్య చెయ్యి పట్టుకున్నాడు. "నేను నోరు తెరవలే. జూసినావు గదా? ఆ మాట అనేది నేనే అంటాది మా ఇంటిది హనుమంతమ్మ. నిద్రలో గూడా నేనే అంటానంట. ఆ ముసలామే అయితే ఈ నీళ్లు తాగుతాది. నేనే అయితే... ఈ నీళ్లు ఎవురికప్పా? అనింది ఎవురో ఒక్క మాట చెప్పు."

గిడ్డయ్యకు భయం. అక్కడి నుంచి బయటపడితే చాలనిపించింది.

"నువ్వే అన్నావులే మామా. పా, ఇంటికి పోదాం."

ఓబుళేశు చెంబు వైపు చాలాసేపు చూశాడు. నీళ్లు పొయ్యకుండానే ఇంటికి తీసుకుపోయాడు. మళ్లీ గనికి రాలేదు. ఉగాది చూడకుండానే పోయాడు.

"ఒక్క మాటప్పా. నా నోట్లోనే ఉండె, ఇయ్యలేకపోతి," అని గిడ్డయ్య ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటాడు.

మొన్న రాత్రి అతని ఆటోలోనే ఆ దారిన వచ్చాను. గని దగ్గర ఆపి, సీసా మూత తీసి, చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"ఇన్నావా? ఇప్పుడు ఇద్దరు అడుగుతాండారు."

గాలి తప్ప నాకేమీ వినపడలేదు.

"ఇన్నాలే గిడ్డయ్యా," అన్నాను. "నీళ్లు పొయ్."